వైనుకి వగరు, పిల్లకి పొగరు

నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క మందు ముట్టలేదు. ఆ ముక్క ముందే చెప్పేసుకుంటే మంచిది. ఎందుకంటే ఆ ఫాల్ సీజనంతా, మా పెరట్లో మేపుల్ ఆకులు ఎర్రబడి రాలిపోయేదాకా, రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, వైన్ గ్లాసులో ముక్కు పెట్టుకుని కూర్చున్నాను.

నా పేరు చక్రపాణి. మేముండేది మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. ఒక కార్ల కంపెనీ లాబ్‌లో వాసనలు చూడడం నా ఉద్యోగం. నవ్వకండి, నిజంగానే ఉంది అలాంటి ఉద్యోగం. సీటు ఫోము, డాష్‌బోర్డు ప్లాస్టిక్కు, కార్పెట్ అంటించే జిగురు, ఇలాంటివన్నీ ముక్కలు కోసి గాజు సీసాల్లో పెట్టి ఓవెన్‌లో వేడి చేస్తాం. ఎండలో నిలబెట్టిన కారులోకి మీరు ఎక్కగానే ఏ వాసన వస్తుందో అది ముందే మాకు తెలియాలి. సీసా మూత కాస్త ఎత్తి, ఒక్కొక్కళ్ళం వాసన చూసి మార్కులు వేస్తాం. మా అమ్మాయి భవిత చిన్నప్పుడు స్కూల్లో "మై డాడ్ స్మెల్స్ కార్స్" అని గొప్పగా చెబితే, క్లాసు పిల్లలు దాన్ని "యువర్ డాడ్ స్మెల్స్" చేసి ఏడిపించారట. ఇంటికొచ్చి నా మీద అలిగింది.

ఆ భవితే పెద్దదై, ఫార్మసీ చదివి, లైసెన్సు తెచ్చుకుని, ఏడాది తిరక్కుండా ఆ ఉద్యోగం మానేసి ట్రాయ్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌లో వైన్ వడ్డించే పనిలో చేరింది. మా ఆవిడ ఉమామహేశ్వరి దానికి పెట్టిన పేరు సారా కొట్టు. గుళ్ళో ఎవరైనా "అమ్మాయి ఏం చేస్తోందండీ" అని అడిగితే నేను "ఫుడ్ అండ్ బెవరేజ్ సైడ్ అండీ" అని ప్రసాదం వైపు నడిచేవాణ్ణి. పిల్ల మాత్రం సంతోషంగా ఉండేది. రాత్రి అలసిపోయి వచ్చి కూడా ఏ ద్రాక్ష ఏ కొండ మీద పండుతుందో పైకి చదువుకుంటుంటే, ఫార్మసీ రోజుల్లో ఎప్పుడూ చూడని వెలుగు దాని మొహంలో కనిపించేది. అది చూసి మేమిద్దరం నోరు మూసుకున్నాం.

ఆ ఎండాకాలం చివర్లో రెస్టారెంట్ ఓనర్ లొరైన్ దాన్ని పిలిచి ఒక మాట చెప్పింది. లొరైన్ తాతముత్తాతలది ఇటలీ. డెబ్బై దాటిన మనిషి, భర్త పోయాక హోటలంతా తనే చూసుకుంటోంది. అక్కడ వైన్లు ఎంచే పెద్దాయన రిటైరై ఫ్లోరిడా వెళ్ళిపోతున్నాడు. "థాంక్స్‌గివింగ్‌కి ముందు ఆదివారం, నవంబరులో, పెద్ద లంచ్ పెడుతున్నాను. అంతా పీడ్‌మాంట్ వంట, మా వాళ్ళ ప్రాంతం. వైన్లు నువ్వే ఎంచు, నువ్వే వడ్డించు. బాగా జరిగితే ఆయన కుర్చీ నీదే." ఇది ఇంగ్లీషులో జరిగిన మాట, నా తెలుగులో చెబుతున్నాను. ఆ రోజు భవిత ఇంటికొచ్చి వాళ్ళమ్మని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. "దింపవే, నడుం పట్టేస్తుంది" అని ఉమ అరిచింది గానీ మొహం మాత్రం చాటంత అయింది.

సెప్టెంబరులో ఇంట్లో ముగ్గురికీ ఏదో వైరల్ ఫీవర్ వచ్చింది. నాకూ ఉమకీ తగ్గిపోయింది. భవితకి కూడా జ్వరం తగ్గింది.

ఒక పొద్దున ఉమ పొయ్యి మీద పోపు పెట్టి, "కాస్త చూస్తూ ఉండవే" అని దానికి చెప్పి ఫోనెత్తడానికి వెళ్ళింది. నేను మేడ మీద ఉన్నాను. ముందు నాకు ఇంగువ మాడిన కంపు కొట్టింది, ఆ తర్వాత స్మోక్ అలారం మోగింది. కిందికి పరిగెత్తి వచ్చేసరికి వంటిల్లంతా పొగ. భవిత పొయ్యి పక్కనే నిలబడి ఏదో పుస్తకం చదువుకుంటోంది, అలారం వినపడ్డాకే తలెత్తింది.

"నీ ముక్కు ఎక్కడ పెట్టుకున్నావే?" అని ఉమ కసిరింది.

భవిత మూకుడు వంక చూసింది. నల్లగా మాడిపోయిన మూకుడు మీదికి వంగి గట్టిగా గాలి పీల్చింది. తర్వాత స్టవ్ ఆపేసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"నాకు స్మెల్ రావట్లేదు అమ్మా," అంది. "ఫీవర్ వచ్చినప్పటి నుంచి. నథింగ్. కాఫీ కూడా రాదు. రెస్టారెంట్‌లో నేను యాక్టింగ్ చేస్తున్నాను."

డాక్టరు చూసి, వైరస్‌కి ముక్కులో నరాలు దెబ్బతిన్నాయనీ, వారాలు పట్టచ్చు, నెలలు పట్టచ్చు, రోజూ తెలిసిన వాసనలు చూస్తూ ఉండమనీ చెప్పాడు. కారులో తిరిగొస్తుంటే భవిత కిటికీలోంచి బయటికి చూస్తూ, "లొరైన్‌కి చెప్పకండి. ప్లీజ్. నోస్ లేకపోతే వైన్ జాబ్ ఏంటి, కళ్ళు లేకుండా డ్రైవింగ్ జాబ్ లాగా," అంది. ఉమ వెనక సీట్లోంచి చెయ్యి చాపి దాని భుజం మీద వేసింది. ముక్కే అన్నం పెట్టిన ఇల్లు మాది. ఆ ఇంటి పిల్లకి ముక్కు పోయింది.

అప్పటినుంచి పొద్దుటిపూట పని మొదలైంది. లాబ్ సీసాల్లాంటివి కొని, ఒకదాంట్లో లవంగాలు, ఒకదాంట్లో నిమ్మతొక్క, ఒకదాంట్లో గులాబీ, ఒకదాంట్లో నీలగిరి తైలం పెట్టి వరసగా దాని ముందు పెట్టేవాణ్ణి. అది కళ్ళు మూసుకుని పీల్చి, తల అడ్డంగా ఊపేది. అలా కొన్నాళ్ళు ఊపి ఊపి, ఒకరోజు సీసాలు పక్కకి తోసేసి, ఒక వైన్ బాటిల్ తీసుకొచ్చింది.

అది నెబ్బియోలో అనే ద్రాక్షతో చేసిన వైన్. పీడ్‌మాంట్ కొండల్లో పండే ద్రాక్ష. దాంతో చేసేదే బరోలో అని పెద్ద పేరున్న వైన్. చూడ్డానికి దానిమ్మ రసంలో నీళ్ళు కలిపినట్టు పల్చగా ఉంటుంది. ఆ రంగు చూసి ఇదేం చేస్తుందిలే అనుకుంటే మోసపోయినట్టే. భవిత ఒక గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, మొహం ముడిచింది.

"నాలుక పని చేస్తోంది నాన్నా. కానీ దీనికి చాలా పొగరు ఉంది."

"వైనుకి పొగరేమిటే?"

"అదే, మౌత్ అంతా డ్రై అయిపోయి, చిగుళ్ళు గట్టిగా పట్టుకుంటుంది కదా. నేరేడుపళ్ళు తిన్నప్పుడు అమ్మ చెప్తుందే. పొగరు."

నాకు నవ్వాగలేదు. "వగరు తల్లీ. పొగరు నీకుండేది."

"ఆ తేడా దానికి నేను చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉన్నా," అంది ఉమ వంటింట్లోంచి.

భవిత కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. "వగరు," అని రెండు మూడుసార్లు అనుకుంది. "ఇంగ్లీష్‌లో దీనికి సరైన వర్డ్ లేదు నాన్నా. టానిన్ అంటారు, అది కెమికల్ పేరు. డ్రై అంటారు, గ్రిప్ అంటారు. చిన్న పిల్లలకి కూడా అర్థమయ్యే వర్డ్ ఒక్కటి కూడా లేదు." తర్వాత గ్లాసు నా వైపు జరిపింది. "నువ్వు తాగద్దు. స్మెల్ మాత్రం చూడు. ఏం వస్తుందో చెప్పు."

లాబ్‌లో చూసినట్టే చూశాను. మాకొక పద్ధతుంది. ముక్కు తీసుకెళ్ళి గ్లాసులో పాతెయ్యకూడదు. చిన్న చిన్నగా పీల్చాలి. మధ్యలో ఒకసారి మన మోచేతి మడత వాసన చూసుకోవాలి. మన ఒంటి వాసనకి ముక్కు అలవాటు పడి ఉంటుంది కాబట్టి, అది తగలగానే ముక్కు మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది.

"తారు," అన్నాను.

"వాట్?"

"తారు రోడ్డు. కొత్తగా వేసింది, ఎండకి మెత్తబడింది. దాని మీద గులాబీ రేకులు. మా ఊళ్ళో ఎవరైనా పెద్దమనిషి పోతే రోడ్డంతా పూలు చల్లుకుంటూ తీసుకెళ్ళేవారు. వెనకాల వచ్చే జనం ఆ రేకుల్ని చెప్పులతో తొక్కి తారులోకి నొక్కేసేవాళ్ళు. అచ్చం ఆ వాసనే."

భవిత నన్ను తేరిపార చూసింది. "నువ్వు గూగుల్ చేశావా?"

"నాకేం పని?"

"టార్ అండ్ రోజెస్. ప్రతి వైన్ బుక్‌లో ఉంటుంది. నెబ్బియోలో అంటే టార్ అండ్ రోజెస్. నేను ఆ రెండు వర్డ్స్ బట్టీ పట్టాను. నిజంగా ఎలా ఉంటుందో నాకు ఎప్పుడూ తెలీదు."

"మిషిగన్‌లో రోడ్లు ఎప్పుడూ వేస్తూనే ఉంటారు కదే."

"విండోస్ క్లోజ్ చేసుకుని కదా నాన్నా వెళ్తాం." అని, గ్లాసు మళ్ళీ తన వైపు లాక్కుని, "నీ ముక్కు, నా నాలుక. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి," అంది.

ఇక అప్పటినుంచి రోజూ అదే. నేను వాసన చెప్పేవాణ్ణి, అది రుచి చెప్పేది. నా దగ్గర వైన్ భాషేమీ లేదు. ఎండిన రేగుపండు అనేవాణ్ణి, అత్తరు రాసిన బీరువా అనేవాణ్ణి, గుర్రబ్బండి తోలు అనేవాణ్ణి. అది ఫోన్‌లో రాసుకుని, వాటిని లొరైన్ కస్టమర్లకి అర్థమయ్యే మాటల్లోకి మార్చుకునేది. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు, గ్లాసు ఎలా పట్టుకోవాలో నాకు పాఠాలు కూడా చెప్పేది.

ఒక శనివారం పొద్దున మా ఎదురింటి నరసింహ ఆకులు ఊదే మా లీఫ్ బ్లోయర్ తిరిగిద్దామని వచ్చాడు. నిజామాబాద్ మనిషి, మంచి స్నేహితుడు. నేను తలుపు తీసేసరికి నా చేతిలో వైన్ గ్లాసుంది, బల్ల మీద ఇంకో నాలుగున్నాయి, నుదుట విభూతి ఉంది.

"ఏంది అన్నా, పొద్దుపొద్దుగాల్నే షురూ చేసినవ్?"

"తాగడం లేదయ్యా. వాసన చూస్తున్నా."

"అందరూ గట్లనే మొదలుపెడ్తరు అన్నా," అని నా భుజం తట్టి, ఎంతో జాలిగా, లీఫ్ బ్లోయర్ గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. తాడిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నేను పాలు కూడా తాగడం లేదు, ఇంక నన్నెవరు నమ్ముతారు? ఆ ఆదివారం గుళ్ళో ఇద్దరు ముగ్గురు నన్ను "ఆరోగ్యం ఎలా ఉంది" అని ప్రత్యేకంగా అడిగారు.

ఉమ ముందు ఆ బల్ల దగ్గరికి వచ్చేది కాదు. కానీ వంట సంగతి వస్తే ఆవిడ చెవులు ఊరుకోవు. ఒకరోజు భవిత నాతో, "లంచ్‌లో మెయిన్ డిష్ బీఫ్, వైన్‌లోనే గంటలు గంటలు ఉడికించేది. ఫ్యాట్ ఉంటే వగరు తగ్గుతుంది అని బుక్‌లో ఉంది. నాకు నమ్మకం కావాలి, ఇంట్లో ఎలా టెస్ట్ చెయ్యాలి?" అంటోంది. గొడ్డు మాంసం మా ఇంట్లోకి రాదు.

ఉమ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కొవ్వే కదా కావలసింది? నెయ్యి కన్నానా? కూర్చో."

వేడన్నంలో ముద్దపప్పు, పైన గరిటెడు నెయ్యి. భవిత ఒక ముద్ద తిని, మీద ఒక గుక్క నెబ్బియోలో పుచ్చుకుంది. దాని కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మా, పొగరు దిగింది," అంది, ఈసారి కావాలనే. "సాఫ్ట్ అయిపోయింది. అదే వైన్. ముద్దపప్పు ముందు ఎలా ఉంది, ఇప్పుడు ఎలా ఉంది."

దాంతో ఉమకి ఉత్సాహం వచ్చింది. "అయితే ఆవకాయతో చూడు." చూసింది. కారం మీద వగరు పడేసరికి నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టయింది. పిల్ల పెరుగు గిన్నె ఎత్తి నోట్లో పోసుకుని, చెమటలు తుడుచుకుంటూ, "నెవర్," అంది. "ఈ వైన్ ఆంధ్రావాళ్ళకి పనికిరాదు."

మర్నాడు గోంగూర పచ్చడి చేసింది ఉమ. దానికి భవిత ఇంకో వైన్ తీసింది, బర్బేరా అని. అదీ పీడ్‌మాంట్‌దే, అక్కడి వాళ్ళు రోజూ అన్నంలోకి తాగే వైనట. రంగు చిక్కన, వగరు తక్కువ, పులుపు మాత్రం చింతకాయంత. గోంగూర పక్కన మిగతా వైన్లన్నీ నీళ్ళలా చప్పబడిపోతే ఇదొక్కటే నిలబడింది. పులుపుకి పులుపు ఢీకొని రెండూ సర్దుకున్నాయి.

"వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలే," అంది ఉమ, ఒక్క చుక్క తాగకుండానే.

భవిత ఆ సామెతకి అర్థం చెప్పించుకుని, అక్కడికక్కడే లంచ్ వరస మార్చేసింది. ముందు వెల్లుల్లీ చేపా వేసి నూనెలో కాచిన వేడి పచ్చడి ఒకటుంది, కూరగాయలు ముంచుకుని తింటారు. అంత నూనెకి బర్బేరా పులుపు, బజ్జీ మీద నిమ్మకాయ పిండుకున్నట్టు. ఆఖర్న కొవ్వెక్కిన మాంసానికి బరోలో వగరు. తినని మాంసానికీ తాగని మందుకీ మా ఇంట్లో, మా బల్ల మీద పెళ్ళిచూపులు జరిగాయి. ఉమ రోజూ పొద్దున్నే "ఇవాళ ఏం చెయ్యమంటావే" అని అడగడం మొదలుపెట్టింది. సారా కొట్టు అనే మాట మానేసింది. మేం ముగ్గురం ఒక బల్ల దగ్గర అంతంతసేపు కూర్చుని అన్ని కబుర్లు చెప్పుకోవడం, పిల్ల హైస్కూల్లో చేరాక మళ్ళీ అప్పుడే. ఆ జబ్బుకి నేను దణ్ణం పెట్టను గానీ, ఆ పొద్దుటిపూటలకి మాత్రం ఇప్పటికీ పెడతాను.

నవంబరు మొదట్లో ఒక సాయంత్రం పెరట్లో ఆకులు ఊడుస్తున్నాం. భవిత రేక్ ఆపేసి నిలబడింది.

"నాన్నా, ఒక ప్రాబ్లమ్ ఉంది. అప్పుడప్పుడూ బాటిల్‌లో కార్క్ చెడిపోతుంది. వైన్‌కి ముక్కిపోయిన స్మెల్ వస్తుంది. గెస్ట్‌కి పోసే ముందు కనిపెట్టాలి, అదే నా జాబ్. మిగతావన్నీ నువ్వు చెప్పినవి రాసుకుని మేనేజ్ చేస్తాను. అది మాత్రం చెయ్యలేను. ఆ రోజు ఒక్క బ్యాడ్ బాటిల్ టేబుల్‌కి వెళ్తే అయిపోయింది."

"మా లాబ్‌లో ఒక రూలుందమ్మా," అన్నాను. "రొంప పట్టినవాళ్ళు పరీక్షకి ముందే చెప్పి లేచిపోవాలి. అందులో సిగ్గేమీ లేదు. చెప్పకుండా కూర్చుని మార్కులేస్తేనే తప్పు."

"నీకు ఈజీ నాన్నా. మీ లాబ్‌లో నువ్వు లేస్తే ఇంకో ముక్కు ఉంటుంది. అక్కడ నేను ఒక్కదాన్నే. నేను లేస్తే ఇంకొకళ్ళు వచ్చి కూర్చుంటారు, అంతే." రేక్ అక్కడే పడేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళబోతే ఉమ కిటికీలోంచి వద్దని చెయ్యి ఊపింది. ఆకులు నేనొక్కణ్ణే సంచుల్లోకి ఎత్తాను.

ఆ వారం దాని వంక చూసినప్పుడల్లా నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఒకరోజు మధ్యాహ్నం అది డ్యూటీ నుంచి తొందరగా వచ్చేసింది. షూస్ విప్పుతూ, తల ఎత్తకుండా, "చెప్పేశాను," అంది.

"ఏమంది?"

"ఇన్నాళ్ళూ ఎవరు స్మెల్ చూస్తున్నారు అని అడిగింది. మై డాడ్ అన్నాను." లేసులు విప్పడం అయిపోయింది. "మీ డాడ్ ఆ ఆదివారం ఫ్రీయేనా అని అడిగింది."

"మరి ఆ ఉద్యోగం?"

"ప్రామిస్ చెయ్యను, ఆ రోజు చూస్తాను అంది. నాకు ఆకలేస్తోంది."

ఆ ఆదివారానికి దాని ముక్కు బాగుపడలేదు. చలికాలం దాటాక కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. ఇప్పటికీ కొన్ని సెంట్లు దానికి కాలిన రబ్బరులా ఉంటాయట. కానీ ఆ రోజుకి మాత్రం ఉన్నది నా ముక్కొక్కటే.

పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకుని వెళ్ళాను. లొరైన్ నన్ను ఎగాదిగా చూసి, చెయ్యి కలిపి, వంటింటికీ హాలుకీ మధ్య ఒక అరుగులాంటి బల్ల దగ్గర నిలబెట్టింది. ఉమకి కిటికీ పక్కన చిన్న టేబుల్ ఇచ్చి, మాంసం లేని పాస్తా చేయించింది. హాలు నిండిపోయింది. అన్నీ కుటుంబాలే, ముసలివాళ్ళూ పసిపిల్లలూ. భవిత ఒక్కో బాటిల్ తెరిచి కాస్త నా గ్లాసులో పోసేది. నేను చూసి తల ఊపితేనే హాల్లోకి వెళ్ళేది. బర్బేరా అంతా సజావుగా వెళ్ళింది. అవతల పళ్ళేలు ఖాళీ అవుతున్న చప్పుడు వినిపిస్తుంటే నేను కోటు గుండీ విప్పుకున్నాను.

మాంసం వడ్డించే ముందు భవిత హాలు మధ్య నిలబడింది. తనకి రెండు నెలలుగా వాసన తెలియడం లేదని అందరి ముందూ చెప్పేసింది. "అందుకని ఈ లంచ్‌ని నేను నాలుకతో తయారుచేశాను. మా నాన్నగారి భాషలో ఒక మాటుంది. వగరు. ఈ బరోలో ఒక్క గుక్క ముందు ఉత్తదే తాగండి. మీ నోటిని పట్టుకునేదే వగరు. ఇప్పుడు మాంసంతో కలిపి తాగండి. ఆ పట్టు వదిలేస్తుంది. వగరు వెళ్ళిపోదు, సర్దుకుంటుంది." అందరూ తాగారు, తిన్నారు. ఎవరో ముసలాయన పక్కావిడతో "వొగరూ" అంటూ తల ఊపుతున్నాడు. మా ఆవిడ కిటికీ దగ్గర నిటారుగా కూర్చుని, ఈ పిల్ల నాదే అన్నట్టు హాలంతా కలయజూసింది.

ఆఖర్న లొరైన్ టవల్లో చుట్టిన పాత బాటిల్ ఒకటి తెచ్చి భవిత చేతిలో పెట్టింది. ఆవిడ పోయిన భర్త, సాల్ గారు, పెద్ద కొడుకు పుట్టిన ఏడాది కొని దాచిన బరోలో అట. "ఇది మా టేబుల్‌కి వడ్డించు. పిల్లలంతా ఇక్కడున్నారు, ఇవాళే తెరవాలి," అని వెళ్ళి కొడుకుల పక్కన కూర్చుంది.

భవిత జాగ్రత్తగా కార్క్ తీసి నాకు కాస్త పోసింది. మొదటి పీల్పుకే నా ముక్కు వెనక్కి వెళ్ళింది. మోచేతి మడత వాసన చూసుకున్నాను. మళ్ళీ చూశాను. కొన్నేళ్ళ కిందట గాలివానకి కరెంటు పోయి మా బేస్‌మెంట్‌లో నీళ్ళు తోడే సంప్ పంప్ ఆగిపోయింది. నీళ్ళు చేరి, అట్టపెట్టెలన్నీ తడిసి, మేం ఊరినుంచి వచ్చి తలుపు తీసేసరికి ఒక కంపు కొట్టింది. వైన్ వాసన అడుగున, పల్చగా, అదే ఉంది. కాదేమో అనుకుందామని మూడోసారి కూడా చూశాను.

"బాలేదమ్మా," అన్నాను.

"ష్యూర్ నాన్నా?"

"తడిసిన అట్ట వాసన. ష్యూర్."

భవిత ఒక గుక్క తాగి చూసుకుంది. "నాకు కొంచెం చప్పగా ఉంది. పాతది కదా, అలా కూడా ఉండచ్చు. ఇంకేమీ తెలీట్లేదు." నా వంక చూసింది. నేను చెప్పినదేదీ ఒక పట్టాన వినని పిల్ల అది. ఫార్మసీ మానద్దని బతిమాలినా వినలేదు. "ఓకే," అంది. గ్లాసు పట్టుకుని లొరైన్ దగ్గరికి నడిచింది.

నేను నిలబడ్డ చోటికి అంతా వినిపిస్తూనే ఉంది. కార్క్ చెడిపోయిందని, క్షమించమని, ఇది తను పొయ్యలేనని చెప్పింది. లొరైన్ పెద్ద కొడుకు గ్లాసు అందుకుని తాగి, "బాగానే ఉంది కదా. పాత వైన్ ఇలాగే ఉంటుంది. నాన్నది, పోసెయ్యి," అన్నాడు.

"సారీ. మా నాన్న చూశారు. ఆయన ముక్కు మీద నాకు నమ్మకం. నేను పొయ్యను," అంది భవిత. మనిషి అక్కణ్ణించి కదల్లేదు.

లొరైన్ గ్లాసు తీసుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూసింది. కళ్ళు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి, నవ్వుతోంది. "మా బేస్‌మెంట్ వాసన," అంది. "సాల్ సగం జీవితం అక్కడే గడిపాడు. ఆ పిల్ల చెప్పింది నిజం." బాటిల్ తీసుకుని తన ప్లేటు పక్కన, ఖాళీ కుర్చీ ముందు పెట్టుకుంది. "ఇంకొకళ్ళయితే నా మొహం చూసి మొహమాటానికి పోసేసేవాళ్ళు. నాకు మొహమాటపడేవాళ్ళు వద్దు. మంగళవారం పొద్దున్నే రా భవితా, వైన్ల లిస్టు మొత్తం కొత్తగా రాయాలి. ఇప్పుడు మాకు మంచి బాటిల్ ఏదైనా పట్రా."

అంతే. చప్పట్లేమీ లేవు. పిల్లలు డెజర్టు కోసం గోల చేస్తున్నారు.

అందరికీ వడ్డించాక భవిత మా చిన్న టేబుల్ దగ్గరికి వచ్చింది. నన్ను కూడా అక్కడ కూర్చోబెట్టారు. దాని చేతిలో బరోలో గ్లాసుంది, నా ముందు పెట్టింది.

"ఇది నువ్వు పాస్ చేసిన బాటిలే. కొంచెం గాలి తగిలితే చాలా మారుతుందట. నాకోసం ఒక్కసారి చూసి చెప్పు నాన్నా. ఎలా ఉంది?"

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. మళ్ళీ పీల్చాను. ఈ పిల్లకీ, ఈ లొరైన్‌కీ, కిటికీ పక్కన పాస్తా తింటున్న మా ఆవిడకీ, ఇంత ఇచ్చిన ఆ సీజనుకీ ఏ మాటలతో థాంక్స్ చెప్పాలో తెలియక కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. గ్లాసులోంచి మాత్రం తారూ రాలేదు, గులాబీలూ రాలేదు.

"నాన్నా?"

"ఏమీ తెలియడం లేదమ్మా," అన్నాను. "ముక్కు మూసుకుపోయింది."

ఉమ తన న్యాప్‌కిన్ నా చేతిలో పెట్టి, "ముందు చీదండి," అంది.

భవిత నా పక్కన కుర్చీలో కూలబడి, తన కళ్ళు కూడా మోచేత్తో తుడుచుకుంటూ, "సరిపోయాం నాన్నా, ఇద్దరికిద్దరం," అంది.